తాడు కింది మనిషి

ప్యో చిల్‌సంగ్ గురించి చెప్పమంటే ముందు నాకు ఒళ్లు మండుతుంది. తాడు మీద నడిచేవాళ్ల ఫొటోలు పేపర్లలో బోలెడు వచ్చాయి. ఆ ఫొటోల్లో కింద ఏ మూలో ఒక టోపీ అంచు కనిపిస్తే అదే మా చిల్‌సంగ్ అన్న. ముప్పై ఏళ్లు ఆయన పక్కన చాప మీద కూర్చుని డోలు వాయించినవాణ్ణి, ఆ మాత్రం కోపం నాకుండదా?

మా ఆటలో తాడు మీద ఒకరు, నేల మీద ఒకరు. పైనున్న మనిషి నడుస్తూ, ఎగురుతూ, మధ్యమధ్యలో ఆగి కిందివాణ్ణి ఏదో ఒకటి అడుగుతుంది. కిందివాడు వెటకారంగా జవాబిస్తాడు, జనం నవ్వుతారు. జనానికి తెలియని సంగతి ఒకటుంది. తాడెక్కినవాళ్లు ఎదుటి గుంజ మీదనుంచి చూపు తిప్పకూడదు. తమ పాదం తమకే కనపడదు. దాన్ని చూడాల్సింది కిందివాడే. తాడు సడలినా, చీలమండ దగ్గర కట్టుకునే నాడా వదులైనా ఆ వెటకారంలోనే చెప్పేస్తాడు. అందుకే మాలో ఒక కట్టుబాటుంది. అడిగాక జవాబు రానిదే అడుగు వేయకూడదు.

చిల్‌సంగ్ కూడా ఒకప్పుడు పైన నడిచినవాడే. ఇరవై ఆరో ఏట అన్‌సంగ్ ఊరి సంతలో తాడు మధ్య నిలబడి ప్రశ్న అడిగాడు. కిందివాడు అప్పటికే కల్లు కొట్టుకి జారుకున్నాడు. జవాబు రాలేదు. సంతంతా చూస్తోంది, వయసు పొగరు, అడుగు వేసేశాడు. ఆ రోజు విరిగిన మోకాలు మళ్లీ సరిగ్గా అతకలేదు. మంచం దిగాక కుంటుకుంటూ వచ్చి, "పైన పనికిరాకపోతే కింద పనికొస్తాను" అని మా గురువుగారి ముందు కూర్చున్నాడు. గురువుగారి కూతురు ఒక్‌బున్ ఎనిమిదో ఏట తాడెక్కింది. ఆ రోజునుంచీ ఆవిడ పాదాల కింద ఉన్నది చిల్‌సంగే.

తొంభై మూడులో డేజన్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టినప్పుడు మాకు రోజుకు రెండు ఆటలిచ్చారు. మా మైదానం చూసుకునేది ఒక కాంట్రాక్టరు తాలూకు మనిషి, పేరు క్వాక్. మెడలో రెండు విజిళ్లు వేలాడేసుకుని తిరిగేవాడు. మొదటి ఉదయమే వచ్చి కూర్చున్నాడు.

"మాటలు తీసేద్దామండీ. ఎన్నో దేశాలవాళ్లు వస్తున్నారు, ఎవరికర్థమవుతాయి? నడక, డోలు, సన్నాయి చాలు."

"మరి నేనో?" అన్నాడు చిల్‌సంగ్.

"మీరు విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా. ఈ మోకాలితో ఎండలో ఎందుకు చెప్పండి?"

"నేను మాట్లాడేది నోటితో బాబూ, మోకాలితో కాదు."

క్వాక్ నవ్వాడు గానీ వినలేదు. లోపలికి వచ్చే కార్డు కూడా ఆయనకు ఇవ్వలేదు. "బాబాయ్ లేకపోతే నేనెక్కను" అని ఒక్‌బున్ మొండికేసింది. ఎక్కమన్నది చిల్‌సంగే.

"మన జట్టు తొమ్మిది మంది కూడు నీ కాళ్ల మీదుంది. నువ్వెక్కు. నా సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నాడు కూడా. రోజూ గేటు తెరవకముందే వచ్చి, టికెట్ కొనుక్కుని వరసలో నిలబడేవాడు. అందరూ పెవిలియన్ల వైపు పరుగులు పెడుతుంటే ఈయన కుంటుకుంటూ మా మైదానానికి వచ్చి కంచె పక్కన చోటు పట్టేవాడు.

"ఇంటికి పో అన్నా. నీకేం పట్టింది ఈ ఎండలో?" అన్నాను.

"ఆ పిల్ల కాళ్లు చూడ్డానికి మీ క్వాక్‌ని అడగాలట్రా? నా పని నేను చేసుకుంటున్నా, నీ డోలు నువ్వు కొట్టు."

మూడు రోజులు అలాగే గడిచాయి. ఒక్‌బున్ ఏమీ అడగకుండా నడిచింది. కంచె దగ్గర ఈయన పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

నాలుగో రోజు మా దేశ విమోచన దినం, సెలవు. గేట్ల దగ్గర ఇసకేస్తే రాలని జనం. ఆట మొదలైంది, కంచె పక్క చిల్‌సంగ్ లేడు, ఆ వరసలోనే ఎక్కడో చిక్కుకుపోయాడు కాబోలు. ఒక్‌బున్ ఎగిరి తాడు మీద దిగింది. ఎక్కేటప్పుడే ఆ ఖాళీ చోటు చూసినట్టుంది, రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతిలోని మడత విసనకర్ర విప్పింది.

"ఒరే కిందోడా, నాకిక్కణ్ణుంచి పట్నమంతా కనపడుతోంది. నీకేం కనపడుతోందిరా?"

నా డోలు ఆగిపోయింది. నేను కూర్చున్నచోటికి గుంజలు అడ్డం, ఆవిడ వీపే తప్ప పాదాలు కనపడవు. ఏదో ఒకటి అనేద్దామని నోటిదాకా వచ్చింది. చూడనిది చూసినట్టు చెప్పి అడుగు వేయిస్తే ఆ పాపం ఎవరిది? నోరు మూసుకున్నాను.

ఒక్‌బున్ తాడు మీద చతికిలబడింది. విసురుకుంటూ కూర్చుంది. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. క్వాక్ విజిల్ ఊదుకుంటూ వచ్చాడు.

"ఏమైందండీ? నడవండి."

"జవాబు రాలేదండీ."

"ఎవరి జవాబు?"

"మా కిందోడిది."

మొదట్లో జనం ఇదీ ఆటేననుకుని నవ్వారు. ముందు వరసలో ఒక ముసలావిడకి మా ఆట తెలుసు. "నవ్వుతారేంటయ్యా, ఆ కిందోణ్ణి పిలవండి. పిల్ల ఎండకు మాడిపోతోంది" అని వెనక్కి తిరిగి కసిరింది. ఆ మాట వరస నుంచి వరసకి, నోటి నుంచి నోటికి గేటు దాకా పోయింది. కిందోడెక్కడ, కిందోడెక్కడ అని తెలియనివాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. మరో పది నిమిషాలకు జనం చివర్నుంచి గొంతు వినపడింది.

"వస్తున్నా, వస్తున్నా. పైకెక్కినవాళ్లకి తొందరెక్కువ."

 జనం తప్పుకుని దారిచ్చారు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, కంచె తాడు ఎత్తి దూరి, తన చోట్లో నిలబడ్డాడు. క్వాక్ వైపు చూడనైనా చూడలేదు. తల పైకెత్తాడు.

"నాకేం కనపడుతోందా? తోకున్న కోతిని చూశాను, తోకున్న కుక్కను చూశాను. తోకున్న ఒక్‌బున్‌ని ఇవాళే చూస్తున్నా. ఎడమ కాలికి మొలిచింది."

అప్పుడు చూశారందరూ. ఎడమ కాలి నాడా ఊడి పాదం కిందనుంచి వేలాడుతోంది. లేచి అడుగు వేసి ఉంటే దాన్నే తొక్కేది. ఒక్‌బున్ చూపు గుంజ మీదే ఉంచి, కాలు మడిచి, చేత్తో తడుముకుని బిగించి కట్టుకుంది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు మనిషివే. పద."

డోలు కొట్టాను. ఆ కొట్టుడుకి నా అరచెయ్యి వాచింది. భాష రానివాళ్లు కూడా కాలి వైపు చూపిస్తూ నవ్వారు.

కిందికి దిగాక క్వాక్ మంచినీళ్లు పట్టుకొచ్చాడు. 

"ఆయన రాకపోయుంటే ఎంతసేపు కూర్చునేవారండీ?"

"వచ్చేదాకా" అంది ఒక్‌బున్.

మర్నాడు చిల్‌సంగ్ పేరుతో కార్డొచ్చింది. చివరి రోజు దాకా అది ఆయన మెడలోనే ఉంది. అయితే ఆ సెలవునాడు ఆట అయ్యాక మేమిద్దరం చల్లటి నూడుల్స్ తింటూ కూర్చున్నాం. వాగుడుకాయ మనిషి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"గెలిచావు కదా అన్నా, ఇంకా ఆ మొహమేంటి?" అన్నాను.

గిన్నె పక్కన పెట్టాడు.

"కట్టుబాటు నాకూ తెలుసురా, అన్‌సంగ్‌లో ఆ రోజు. అంతమందిలో తాడు మీద కూర్చోవడం సిగ్గనుకున్నాను" అన్నాడు. మోకాలు నిమురుకున్నాడు. "ఎంత బాగా కూర్చుందో చూశావా."