తిప్పడం – అందరూ

అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయేనాటికి నేను నంద్యాలలో టీచర్ని. ఎనభైల మొదటి రోజులు. ఆమెకు మాట కూడా పోయింది. నంద్యాలలో నేనుండేది మిద్దె మీద ఒంటి గది, మంచాన పడ్డ మనిషిని ఆ మెట్లు ఎక్కించలేను. అందుకని ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే ఉంచి ముగ్గురిని కుదిర్చాను. శనివారం బడి వదలగానే బస్సెక్కి వెళ్లి, సోమవారం తెల్లారి వచ్చేదాన్ని. మా అమ్మకు ముగ్గురు మనుషులున్నారని తోటి టీచర్లతో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

వండి తినిపించడానికి అమ్మకు వరసకు చెల్లెలయ్యే చిన్నమ్మ ఉంది. ఒకప్పుడు భూములున్న ఇల్లు, ఆ పట్టింపులు మాత్రం మిగిలాయి. మొదటిరోజే తేల్చి చెప్పింది.

"ఆ గుడ్డలు నేను ముట్టను పాపా. ముట్టిన చేత్తో మళ్లా పొయ్యి కాడికి యాడ పోయేది?"

గుడ్డలు మార్చి, ఒళ్లు తుడవడానికి ఒక ఆయా వచ్చేది. ఆసుపత్రిలో పని చేసి మానేసిన మనిషి, క్రైస్తవురాలు. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి గాని పని మొదలుపెట్టేది కాదు. ఆమె లోపలికి వస్తే చిన్నమ్మ వంటింట్లోకి పోయేది, ఆమె వాకిలి దాటాకే మంచం దగ్గరికి వచ్చేది. ఇద్దరూ ఒకేసారి ఆ మంచం దగ్గర నిలబడగా నేను చూడలేదు. మూడో మనిషి కాంపౌండరు. రెండు రోజులకోసారి సైకిలు మీద వచ్చి, చేతికి సూది వేసి, మాత్రలు చూసి పోయేవాడు.

పనుల దగ్గర గొడవలు రాకుండా, బడిలో పీరియడ్లు పంచినట్టు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. తినిపించడం చిన్నమ్మ, గుడ్డలు ఆయా, మందులు కాంపౌండరు. రోజుకు నాలుగుసార్లు పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పాలని డాక్టరు చెప్పిన మాట చివరికి గుర్తొచ్చింది. దాన్ని ఎవరి కింద వెయ్యాలో తోచక, "తిప్పడం – అందరూ" అని రాశాను. బడి వరండాలో నీళ్ల కుండ నింపే పనికి కూడా మా హెడ్మాస్టరు అట్లాగే రాశాడు. ఆ కుండ ఎప్పుడూ ఎండిపోయే ఉండేది. అది రోజూ చూస్తూ కూడా నేను అట్లా రాశాను.

కొన్నాళ్లకు అమ్మ ఎడమచేతి వేళ్లతో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆగి ఆగి కొట్టేది.

"దప్పిక అయితాందిలే" అని చిన్నమ్మ నీళ్లు తాగించేది.

"గుడ్డ తడిసినాదేమో" అని ఆయా పొడి గుడ్డ మార్చేది.

కాంపౌండరు నిద్ర పట్టడంలేదేమోనని ఇంకో మాత్ర ఇచ్చాడు.

"అమ్మను తిప్పుతాండారా?" అని నేను అడిగితే, తిప్పుతాండారని అందరూ అనేవాళ్లు. అబద్ధం కాదు. పక్కవాళ్లు తిప్పుతున్నారనే ప్రతివాళ్లూ నమ్మారు.

నేను మాత్రం ఆ చప్పుడు నా కోసమే అనుకున్నాను. వారమంతా చూడని కూతురు వచ్చింది, దగ్గర కూర్చోమంటోంది అనుకున్నాను. తల దగ్గర కూర్చుని ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకునేదాన్ని. పట్టుకుంటే చప్పుడు ఆగిపోయేది. నాకు ప్రాణం కుదుటపడేది. దుప్పటి తెల్లగా ఉండేది, పౌడరు వాసన వచ్చేది. నేను దుప్పటి ఎత్తి చూడలేదు.

ఒక ఆదివారం ఆయా కూతురికి కాన్పని రాలేదు. గుడ్డ నేనే మార్చాలి. ఒక్కదాన్ని అమ్మను లేపలేక చిన్నమ్మను కేకేశాను. గుమ్మంలో కాసేపు నిలబడింది. తర్వాత ఏమనుకుందో వచ్చి భుజం పట్టింది. ఇద్దరం కలిసి అమ్మను పక్కకు తిప్పాం. పౌడరు కింద నుంచి వేరే వాసన వచ్చింది. నడుము కింద అరచేయంత పుండు. లోపల తెల్లగా ఎముక కనిపించింది.

"ఆయా తిప్పుతాందనుకుంటి పాపా" అంది చిన్నమ్మ.

సాయంత్రం కబురందుకుని ఆయా పరుగెత్తుకొచ్చింది.

"ఒక్కదాన్ని ఎట్ల తిప్పేది టీచరమ్మా? కింద నుంచి గుడ్డ లాగేదానికే సరిపోయేది. ఆ యమ్మ ఈడుంటే నేను రాకూడదు కదా. ఆ యమ్మా, మీరూ తిప్పుతాండారేమో అనుకుంటి."

ఇద్దరి మీదా నోటికొచ్చినట్టు అరిచాను. తర్వాత గోడ వైపు చూశాను. ఆ రాత నాది.

జీపు మాట్లాడి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారని డాక్టరు అడిగాడు. ముగ్గురని చెప్పడానికి నోరు రాలేదు. నర్సు, నేను కలిసి అమ్మను కుడివైపుకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, వీపు వెనక దిండు పెట్టాం. ఎడమచెయ్యి పైనే ఉంది. పట్టె కూడా అందేంత దగ్గర్లోనే ఉంది. ఆ చెయ్యి పట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను. అమ్మ కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలి నిద్రపోయింది.

పన్నెండో రోజు ప్రాణం పోయేదాకా ఆమె మళ్లీ పట్టె మీద కొట్టలేదు. శనివారం శనివారం వెళ్లి నేను గట్టిగా పట్టుకుని ఆపింది ఆ చేతినే.