తెల్ల ప్లాస్టర్ అంటించిన కాలిక్యులేటర్

మా అమ్మాయికి సీఏ చదువు చెప్పిన మాస్టారు పోయారు. పలాసలో నేను లెక్కలు రాసే జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దున్నే వాళ్ళావిడ ఫోన్ చేశారు. "మాస్టారు వెళ్ళిపోయారన్నయ్యా. పాపకి ఇప్పుడే సెప్పకండి" అని పెట్టేశారు. మర్నాడు విశాఖపట్నంలో అమ్మాయికి ఆఖరి పేపరు.

ఆయనది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. కాశీబుగ్గలో అద్దె ఇంటి ముందు గదిలో ట్యూషన్ చెప్పేవారు. నన్ను బావా అనేవారు. నేను మాస్టారూ అనేవాణ్ణి. బడిలో నేను నేర్చుకున్నది తక్కువ, లెక్కలు పనిలో పడి పట్టుకున్నవే. మాట్లాడేదీ తక్కువే. సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళి ఆ ఇంటి మెట్టు మీద కూర్చునేవాణ్ణి. "లోపలికి రాకపోతే మానె బావా, సెవులు ఇటు పెట్టు" అనేవారు. అలా నాకూ కొంత పాఠం అందింది.

ఆయన పద్ధతి వేరు. పిల్లలకు కుడి చేతిలో పెన్ను, ఎడమ చేతి కింద కాలిక్యులేటర్ ఉండాలి. దాని మీద తువ్వాలు కప్పి అంకెలు చదివేవారు. పిల్లలు చూడకుండా నొక్కి మొత్తం చెప్పాలి. ఎవరైనా తువ్వాలు ఎత్తి తొంగిచూస్తే, "దాన్ని సూడ్డానికి ఏటుందిరా, అదేమైనా పెళ్ళికూతురా? కళ్ళు పేపరు మీదుండాల" అనేవారు.

మొదటిసారి పరీక్షకు మా అమ్మాయి ఫ్యాక్టరీ కాలిక్యులేటర్ పట్టుకెళ్ళింది. అంతవరకు ట్యూషన్‌లో మాస్టారిదే వాడేది. ఫ్యాక్టరీదానికి పైన పక్కకు జరిపే చిన్న మీట ఉంది. దాన్ని ఒక చివర పెడితే పైసల చుక్క దానంతటదే పడుతుంది. ఐదొందలు కొట్టి కూడితే ఐదు రూపాయలుగా తీసుకుంటుంది. రోజంతా పైసలతో రేట్లు కూడే మాకు అదే వీలు. పరీక్ష హాల్లో అమ్మాయికి ఏ మొత్తమూ కలవలేదు. సంగతి అర్థం కాక పక్కమ్మాయిని కాలిక్యులేటర్ అడిగితే ఇన్విజిలేటర్ ఒప్పుకోలేదు. ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, చేతులు మారకూడదు. పేపరు పోయింది.

మాస్టారు ఎవర్నీ తప్పు పట్టలేదు. మర్నాడు మమ్మల్ని బజారుకు తీసుకెళ్ళి, షాపులో ఉన్న కాలిక్యులేటర్లన్నీ బల్ల మీద పెట్టించి ఒక్కో మీటా నొక్కి చూశారు.

"ఏటి మాస్టారూ, వంకాయలేరినట్టు ఏరతన్నారు?" అన్నాడు షాపతను.

"వంకాయ పుచ్చయితే పూట కూర పోద్ది. ఇది పుచ్చయితే పిల్ల కష్టమంతా పోద్ది" అన్నారు నవ్వుతూ.

అప్పటికే ఆయనకు డయాలసిస్ మొదలైంది. కిడ్నీల జబ్బు మా ఉద్దానం ఊళ్ళలో చాలా ఇళ్ళు చూసిందే. సూదులు తీశాక చేతికి అంటించే తెల్ల ప్లాస్టర్ చుట్ట ఆయన జేబులో ఉండేది. కొన్న కొత్త కాలిక్యులేటర్‌కూ అలాంటి మీటే ఉంటే, దాన్ని సరైన చోటికి జరిపి, అది కదలకుండా ప్లాస్టర్ ముక్క అంటించారు. "ఇంక ఇది నీ మాటే ఇంటది తల్లీ. ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ అడక్కు" అన్నారు.

ఈసారి పరీక్షలకు అమ్మాయి విశాఖ వెళ్ళాక, ప్రతి పేపరు ముందు సాయంత్రం ఆయనే ఫోన్‌లో అంకెలు చదివేవారు. ఒకరోజు డయాలసిస్ మంచం మీద నుంచే చదివారు. ఫోన్ నేను పట్టుకున్నాను. సూదులు ఎడమ చేతికే. ఒక్కో అంకె చదువుతుంటే ఆ చేతి వేళ్ళు దుప్పటి మీద కదులుతున్నాయి.

"సెయ్యి కదపొద్దని ఎన్నిసార్లు సెప్పాలి మాస్టారూ?" అని నర్సు కసిరింది.

"నేను కదపటం లేదమ్మా, దానికి అలవాటు" అన్నారు. చదవడం అయ్యాక, ఎప్పటిలాగే "పడుకో తల్లీ" అన్నారు. నేను ఫోన్ కట్టేశాను. అప్పుడే నాతో అన్నారు, "నా గొంతు లెగని రోజు నువ్వు సదువు బావా. పిల్లకి కావలసింది అంకెలు, నేను కాదు."

ఆయన పోయిన రోజు శ్మశానం దాకా సాగనంపి వచ్చి స్నానం చేశాను. సాయంత్రం అమ్మాయే ఫోన్ చేసింది.

"మాస్టారేరి నాన్నా?"

"నన్ను చదవమన్నారు."

పుస్తకం మూసిన చప్పుడు వినబడింది. తర్వాత "సరే, చదువు" అంది.

ఫ్యాక్టరీ పుస్తకంలోని ఆనాటి బస్తాల తూకాలు చదివాను. ఆయనలా ఆగకుండా చదవడం నా వల్ల కాలేదు. మధ్యలో నీళ్ళు తాగాను. అమ్మాయి మొత్తం చెప్పింది. కలిసింది. చివర్న "పడుకో తల్లీ" అన్నాను.

పరీక్ష రాసి వచ్చిన రోజు పలాస స్టేషన్‌కు వెళ్ళాను. అమ్మాయి రైలు దిగి నేరుగా ఆటో వైపు నడిచింది. ఆటో ఎక్కాక తనే, "కాశీబుగ్గ పోనియ్యి బాబూ" అంది డ్రైవరుతో. నేను చెప్పబోయాను.

"తెలుసు నాన్నా. నువ్వెప్పుడూ నన్ను తల్లీ అనవు" అంది.

"మరి పేపరు?"

"అన్నీ రాశాను."

మాస్టారి ఇంటి ముందు గదిలో చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. వాళ్ళావిడ లోపలికి రమ్మన్నా అమ్మాయి వెళ్ళలేదు. నేను రోజూ కూర్చునే మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి కాలిక్యులేటర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ప్లాస్టర్ ముక్క మాసిపోయింది, ఒక అంచు కొంచెం లేచింది. ఆ అంచును బొటనవేలితో అదిమి, అలాగే పట్టుకుని కూర్చుంది.