దద్దోజనం మీద నా దర్యాప్తు

ఆ రోజుల్లో లెక్కకి అందని విషయం లోకంలో ఒక్కటి కూడా ఉండదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు రోజుకి కనీసం నాలుగు తగులుతున్నాయి (ఇది కూడా లెక్కపెట్టే చెబుతున్నాను). పదిహేడేళ్ళ కిందటి మాట. డాలస్ పక్కనున్న కాపెల్‌లో ఒక అపార్టుమెంటులో ఇద్దరం బ్రహ్మచారులం ఉండేవాళ్ళం. నేను చదివింది ఎమ్సీయే, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. స్టాటిస్టిక్స్ మాత్రం ఎవరూ చెప్పింది కాదు, ఊరి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక చిక్కు ఉంది. వాడి నోట్సులో ఎర్రసిరా ఉండదు. అందుకని తనకి తప్పులు రావనుకుంటాడు. నేను పాలు ఎన్ని రోజులకి అయిపోతాయో, లాండ్రీ గదిలో ఏ మిషను ఎన్ని నిమిషాలు ఎక్కువ తిరుగుతుందో రాసిపెట్టేవాణ్ణి. నా రూమ్మేటు వరంగల్ వాడు, నోరు మూతపడదు కాబట్టి అందరం రేడియో అనేవాళ్ళం. వాడు ఆ కాగితాలు చూసి, "నీకు పెండ్లైతే ఆ పిల్ల పరిస్థితి ఏంది ర భై" అని జాలిపడేవాడు.

మా ఇద్దరికే కాదు, ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు బ్రహ్మచారులందరికీ ఇంటి తిండి అంటే పెద్దక్క. అసలు పేరు చాలామందికి తెలియదు. రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో ఎనిమిదేళ్ళు లెక్కల టీచరుగా చేసి, భర్తతో డిపెండెంట్ వీసా మీద వచ్చింది. "ఈ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదుట గానీ వంట చెయ్యొచ్చుట" అని నవ్వుతూ అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ముందు తనని పిలవడమనేదే ఆవిడకి అక్కడున్న హోదా, పలుకుబడి, పదవి అన్నీను. ఎవరైనా కొత్తగా వచ్చి "ఇక్కడ మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, పక్కవాళ్ళు అందుకుని "పెద్దక్క దద్దోజనం తిన్నారా మీరు?" అనేవారు. ఆవిడ ముఖంలో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు నేను రెండు రోజులపాటు ఆర్పేశాను. ఆ కథే ఇది.

కార్తీకమాసంలో వనభోజనాలు పెట్టుకున్నాం. పార్కులో ఉసిరి చెట్టు లేదు కాబట్టి ఒక పెకాన్ చెట్టు చూసుకుని, ఇండియన్ స్టోరులో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్టు దాని మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. తలా ఒక వంటకం తెచ్చారు. పెద్దక్క పెద్ద గిన్నెడు దద్దోజనం తెచ్చింది. దాని పక్కనే ఒక గిన్నెలో వలిచిన దానిమ్మ గింజలు. "ఏరా అబ్బాయ్, ఖాళీగా నిలబడ్డావు, వడ్డించు" అని గరిట నా చేతికిచ్చింది. పార్కులో నీళ్ళ కుళాయి దూరం. కానీ నేను ముందుచూపున్న మనిషిని, జేబులో శానిటైజరు సీసా ఉంది. ప్రతి పదిమందికీ ఒకసారి (అవును, లెక్కపెట్టి) రెండు చుక్కలు రాసుకుంటూ, ప్రతి పళ్ళెంలో గరిటెడు దద్దోజనం వేసి, పైన చేత్తో గుప్పెడు దానిమ్మ గింజలు చల్లి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కొసరి కొసరి వడ్డించాను. నా జన్మలో అంత ఆప్యాయంగా ఎప్పుడూ వడ్డించలేదు. మా టీం లీడ్ భార్యకి ఏడో నెల, ఆవిడకైతే రెండుసార్లు వేశాను. చివర్లో అవతల వాలీబాల్ మొదలయ్యేసరికి గరిట గిన్నెలోనే వదిలేసి వెళ్ళిపోయాను.

అది శనివారం. ఆదివారం సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకరికి వాంతులు, ఒకరికి విరేచనాలు, ఒకరికి రెండూ. సోమవారానికి మా ఆఫీసులో తెలుగువాళ్ళ కుర్చీలన్నీ ఖాళీ. రేడియో మొట్టమొదటిసారి మాట్లాడకుండా పడుకున్నాడు. లీడ్ భార్యకి మంచినీళ్ళు కూడా ఇమడకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించారు. తల్లికీ లోపలి బిడ్డకీ ఏమీ కాలేదని చెప్పి సాయంత్రానికి పంపించేశారు గానీ, ఆ కొన్ని గంటలు లీడ్ ముఖం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు.

నేను మాత్రం నిక్షేపంగా ఉన్నాను. అందరూ పడిపోయిన చోట ఒక్కడే నిలబడి ఉంటే మనిషికి తను ఏదో చెయ్యడానికే మిగిలానని అనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్ తెరిచాను. వచ్చినవాళ్ళందరికీ ఫోన్ చేసి, ఎవరు ఏం తిన్నారు, ఎవరికి ఎప్పుడు మొదలైంది అని రాసుకున్నాను. "ఏంది ర భై, పానం పోతుంటే పులిహోర తిన్నవా అని అడుగుతున్నవ్" అని రేడియో దుప్పట్లోంచి మూలిగాడు. మొత్తం ముప్పై ఎనిమిది మంది. నా పేరు రాయలేదు. దానికి నా దగ్గర శాస్త్రీయమైన కారణం ఉంది. నాకు గురువారమే రెండుసార్లు వాంతులై, శుక్రవారం పొద్దుటికి తగ్గిపోయాయి. శనివారం తిన్నదానివల్ల గురువారం జబ్బు రాదు కదా. అందుకని లెక్క శుభ్రంగా ఉండాలని నన్ను నేనే తీసేశాను. (శుభ్రం అనే మాట అప్పట్లో నేను లెక్కలకే వాడేవాణ్ణి.)

మంగళవారానికి జవాబు తేలింది. దద్దోజనం తిన్నవాళ్ళు ఇరవై ఆరుగురు, వాళ్ళలో జబ్బు పడినవాళ్ళు పంతొమ్మిది మంది. తిననివాళ్ళు పన్నెండుగురు, వాళ్ళలో ఒక్కరే. పులిహోరకీ, గుత్తివంకాయకీ, బూరెలకీ ఇంత తేడా లేదు. పట్టిక గీసి, దద్దోజనం గడికి ఎర్రరంగు వేసి, "పెరుగు మూడు గంటలు బయట ఉండటమే కారణమని లెక్కలు నిరూపిస్తున్నాయి" అని రాసి, ముప్పై ఎనిమిది మందికీ మెయిల్ కొట్టాను. అంతటితో ఆగక, అలాంటివి తెలియజేయాలని ఎక్కడో చదివి, కౌంటీ ఆరోగ్యశాఖకి ఫోన్ చేసి ఆ పట్టికే వాళ్ళకీ పంపాను. ఆ సాయంత్రం నా అంత తృప్తిగా ఉన్నవాడు టెక్సాస్ మొత్తంలో ఇంకొకడు ఉండడు.

బుధవారం పొద్దున్నే పెద్దక్క ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది.

"ఏరా, పెరుగు ఆ పొద్దున్నే తోడుకుంది. ఐస్ పెట్టెలో పెట్టి తెచ్చాను. పిల్లాడికి జలుబని మా అత్తగారూ వాడూ ఇంట్లో ఉండిపోయారు కదా, వాళ్ళకీ అందులోదే గిన్నెడు తీసిపెట్టి వచ్చాను. ఇద్దరూ తిన్నారు, ఇద్దరికీ ఏమీ కాలేదు."

"ఇద్దరంటే శాంపిల్ చాలదక్కా" అన్నాను. నిజంగా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆవిడ మాత్రం, "సరేలే. వచ్చే ఆదివారం సీమంతానికి వంట నేనే చెయ్యాలి. నిన్న మీ లీడ్ ఫోన్ చేసి, వద్దండీ, బయట చెప్పుకుంటాం అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు" అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం కౌంటీ నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. గొంతును బట్టి పెద్దావిడే. నా పట్టికని ముందు తెగ మెచ్చుకుంది. చాలా ఓపిగ్గా చేశావంది. నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. తర్వాత ఇంగ్లీషులో, తాపీగా, ఇంట్లోవాళ్ళని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"ఆ అన్నం ఎవరు వడ్డించారు?"

"నేనే."

"పైన వేసిన గింజలు గరిటతోనా, చేత్తోనా?"

"చేత్తో. కానీ శానిటైజరు రాసుకున్నాను, ప్రతి పదిమందికీ ఒకసారి."

"మంచిది. నీకు ఈ మధ్య ఒంట్లో ఏమైనా బాగాలేదా?"

"గురువారం వాంతులయ్యాయి. కానీ అది ముందు సంగతి కదా, దీనికి సంబంధం లేదని పట్టికలోంచి తీసేశాను."

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు నేనుగా అర్థమైపోయింది. నేను కూర్చున్నాను. తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఇది పాడైన పెరుగు జబ్బులా లేదు, అదైతే ఇంకా తొందరగా మొదలవుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్‌లా ఉంది. వాంతులు తగ్గిపోయినా కడుపులోంచి ఆ వైరస్ ఇంకా కొన్నాళ్ళు బయటికి వస్తూనే ఉంటుంది, అందుకే తగ్గాక కూడా కనీసం రెండు రోజులు వంట చెయ్యకూడదు, వడ్డించకూడదు. శానిటైజరుకి అది సరిగా లొంగదు, సబ్బూ నీళ్ళతో బాగా రుద్ది కడగాల్సిందే. వాంతి పడిన చోట బ్లీచ్‌తో తుడవాలి. పడ్డవాళ్ళకి యాంటీబయాటిక్స్ పనికిరావు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తే చాలావరకు రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. చిన్నపిల్లల్నీ, ముసలివాళ్ళనీ, గర్భిణుల్నీ మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. ఒక ముగ్గురిని విరేచనం నమూనాలు డబ్బాల్లో ఇమ్మని కూడా చెప్పింది. (ఆ డబ్బాలు ఎవరు పట్టుకెళ్ళి ఇచ్చారో వేరే చెప్పక్కర్లేదు. మర్నాటికి వైరస్సే అని తేలింది.)

చివరికి, "అబ్బాయ్, నీ పట్టిక తప్పేమీ కాదు. ఒక వరుస తక్కువైంది, అంతే" అంది. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి. పదిహేడేళ్ళైనా ఆ మెత్తటి గొంతుకి రుణపడే ఉన్నాను.

ఫోన్ పెట్టేసి, దద్దోజనం తిన్నా జబ్బు పడని ఏడుగురికీ మళ్ళీ ఫోన్ చేశాను. ఐదుగురు వరుసలో చివర నిలబడ్డవాళ్ళు. అప్పటికి దానిమ్మ గింజలు అయిపోయాయి, నేను వాలీబాల్‌కి వెళ్ళిపోయాను, వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్నారు. తినకుండానే జబ్బు పడిన ఆ ఒక్కరూ ఎవరంటే నా రూమ్మేటు, నాతో ఒకే బాత్రూమ్ వాడినవాడు. సంగతి చెబితే రేడియో దుప్పటి తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంటే నువ్వు సీఐడీ అనుకున్న, దొంగవి గూడ నువ్వేనా? జల్ది పో, ముందుగాల అక్క కాళ్ళు మొక్కు. ఆగాగు, చేతులు కడుక్కొని పో" అన్నాడు.

పెద్దక్క తలుపు తీసింది. వాకిట్లోనే నిలబడి మొత్తం చెప్పేశాను. విన్నంతసేపూ ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. ఎనిమిదేళ్ళు టీచరు కదా, పిల్లాడు లెక్క పూర్తిగా చెప్పేదాకా ఆగడం అలవాటు.

"అందరికీ రాశావా?"

"లేదక్కా. ముందు మీకు చెబుదామని..."

"నాకు చెబితే నాకొక్కదానికే తెలుస్తుంది. ముప్పై ఎనిమిది మందికీ ఒక్కసారే పంపావుగా నా పేరు. లోపలికి రా. సింకు అటు."

చేతులు కడుక్కుని భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను టైపు చేస్తుంటే ఆవిడ వెనకాల నిలబడి దిద్దింది. "బహుశా నా వల్ల వచ్చి ఉండవచ్చునని అనిపిస్తోంది" అని రాశాను. "బహుశా తీసెయ్" అంది. తీసేశాను. "అనిపిస్తోంది కూడా తీసెయ్." తీసేశాను. శానిటైజరు గురించి నేను రాసుకున్న నాలుగు వాక్యాలూ చదివి, "ఇది నీ గొప్పా, నీ తప్పా? ఒక్క వాక్యం చాలు. సబ్బుతో కడుక్కోమని మాత్రం రాయి, అది అందరికీ పనికొస్తుంది" అంది. చివరికి మిగిలింది ఐదు లైన్లు: దద్దోజనంలో ఏ దోషమూ లేదు, జబ్బు నా చేతి మీదుగా వచ్చింది, తగ్గాక రెండు రోజులు ఎవరూ వడ్డించకండి, చేతులు సబ్బుతోనే కడుక్కోండి, నన్ను క్షమించండి. పంపాక ఆవిడ మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. "ఇప్పుడు సరిపోయింది" అని, వంటింట్లోకి వెళ్తూ, "ఏమన్నా తిన్నావా పొద్దుటినుంచి?" అని అడిగింది. నేను తినలేదు. ఆవిడకి ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ సాయంత్రమే లీడ్ భార్య స్వయంగా పెద్దక్కకి ఫోన్ చేసిందట. "మీరు వండకపోతే నేను గాజులు వేయించుకోను" అందట. నాతో లీడ్ మాట్లాడటానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మాట్లాడినప్పుడు కూడా, "బిడ్డ పుట్టాక చూడ్డానికి వస్తావు కదా, అప్పుడు మాత్రం దయచేసి ఏమీ లెక్కపెట్టకు" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనగలిగిన మనిషే. అనలేదు.

ఆదివారం సీమంతానికి వెళ్ళి ఒక మూల గోడకి ఆనుకుని నిలబడ్డాను. గాజులు, పేరంటం అయ్యాయి. భోజనాల వేళకి బల్ల మీద గిన్నెలన్నీ పెట్టారు, జనం పళ్ళేలు పట్టుకుని వరుస కట్టారు. పెద్దక్క అందరిముందూ నన్ను పిలిచింది.

"ఒరేయ్, నీకు తగ్గి ఎన్నాళ్ళైంది?"

"తొమ్మిది రోజులు."

"రెండుకి తొమ్మిది ఎక్కువేగా? వెళ్ళి సబ్బుతో కడుక్కుని రా, నువ్వే వడ్డించాలి."

కడుక్కుని వచ్చాను. గరిట తీసుకున్నాను. వరుసలో అందరికంటే ముందున్నాయన పళ్ళేన్ని కొంచెం వెనక్కి తీసుకున్నాడు. ఆయనది తప్పని ఎవరంటారు, నాలుగు రోజులు మంచమెక్కిన మనిషి. అప్పుడు పెద్దక్క పక్కనుంచి వచ్చి, ఆయనకంటే ముందు నిలబడి, తన పళ్ళెం చాపింది. వండిన మనిషి చివర్న తినడం ఆవిడ పద్ధతి. నేనెప్పుడూ ఆవిడ ముందు తినగా చూడలేదు. "నాకు పెట్టు" అంది. పెట్టాను. అక్కడే, నిలబడే, అందరూ చూస్తుండగా ఒక ముద్ద తిని, "ఉప్పు సరిపోయింది, రండి" అంది.

వరుస కదిలింది. అన్నిటికీ లెక్క రాసిపెట్టుకునే ఆ కుర్రాడికి ఆ మధ్యాహ్నం కళ్ళు మసకబారి, ఎవరి పళ్ళెంలో ఎంత వేస్తున్నాడో కూడా సరిగా తెలియలేదు. వాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం జాలి కూడా వేస్తుంది. ఆ రోజు ఎంతమందికి వడ్డించానో మాత్రం ఎవరైనా అడిగితే చెప్పలేను.