కంప్యూటర్‌లో అఖండ దీపం

తొంభైల చివర్లో సూర్యాపేటలో మా బావకు పాటలు రికార్డు చేసే గది ఉండేది. అందులోకి కంప్యూటర్ వచ్చిన రోజునుంచీ నా కాలు నేలమీద ఆగలేదు. తాళం రాసిపెడితే చాలు, కంప్యూటర్ మిడి తీగ గుండా కీబోర్డుకు హుకుం ఇస్తుంది, కీబోర్డు దానంతటదే వాయిస్తుంది. మనిషి తప్పుతాడు గానీ మిషన్ తప్పదని బజారంతా చెప్పుకు తిరిగాను.

ఆ నవరాత్రుల్లో జానపదాల క్యాసెట్ మొదలుపెట్టాం. డప్పుకు నేరేడుచర్ల నుంచి ఒక తాత వచ్చాడు. వాకిట్లో గడ్డి మంట మీద డప్పు కాచుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంప్యూటర్ తాళానికి వాయించాడు. తీరా వింటే ప్రతి చరణంలో రెండు మూడు చోట్ల డప్పూ తాళమూ విడిపోయాయి.

"తాతా, నువ్వు ఉరుకుతున్నవ్," అన్నాను.

"నేను గాదు బిడ్డా, నీ డబ్బ నిలబడ్తలేదు."

నవ్వాను. మూడుసార్లు వాయించినా అదే వరస. బావ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, "వయసైపోయింది పాపం. మిర్యాలగూడ డప్పాయనకు ఫోన్ జేసిన, రేపొస్తడు," అన్నాడు. గుసగుస అనుకున్నాడు గానీ తాత విననే విన్నాడు. ఆయనకు డప్పే బతుకు. క్యాసెట్‌లోంచి తీసేశారని తెలిస్తే రేపు పెళ్లికి ఎవరు పిలుస్తారు? నాకప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

"పోత గని, ఒక్కపాలి నేను వాయించకుంట నీ డబ్బనే ఇనిపియ్యి," అన్నాడు.

వినిపించాను. తాత మోకాలి మీద వేళ్లతో దెబ్బ వేసుకుంటూ, తాళం తూలిన చోటల్లా వేలెత్తి చూపాడు. ఈసారి నాకూ వినబడింది. తీగ మార్చాను, ప్లగ్గు మార్చాను, డబ్బా విప్పి దుమ్ము ఊదాను. ఎక్కడి గొంగళి అక్కడే. తాత మాత్రం తెర వైపే చూస్తున్నాడు.

"గా దీపం ఎప్పుడు ఎగిరెగిరి పడ్తదో గప్పుడే నీ తాళం తూలుతది, సూడు."

ఆ దీపం నా నిర్వాకమే. నవరాత్రులకు అఖండ దీపం పెడదామంటే మిషన్లకు మసి పడుతుందని బావ వద్దన్నాడు. అందుకని తెర మీద రెపరెపలాడే బొమ్మ దీపం పెట్టి, రాత్రింబవళ్లు ఆరకుండా నడిపిస్తున్నాను. ఆ మంటను గీయడంలో మునిగి కంప్యూటర్ తాళానికి హుకుం ఆలస్యంగా ఇస్తోంది.

మూసేయబోతే బావ చేయి పట్టుకున్నాడు. "అఖండ దీపం నడిమిట్ల ఆర్పుతరా? ఇల్లు గుల్లయితది!"

దారి కూడా తాతే చూపాడు. ప్రమిద తెప్పించి, వత్తిని తెర మీది మంటకు ఆనించి, బావతో దండం పెట్టించాడు. దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి అగ్గిపుల్లతో వెలిగించాడు.

"దీపం గీడికొచ్చింది. ఇగ గాడ బంద్ జెయ్యి."

బావ కళ్లు మూసుకున్నాడు, నేను బొమ్మను మూశాను.

ఈసారి పాట మొత్తంలో ఒక్క దెబ్బ విడిపోలేదు. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. తప్పయింది తాతా అన్నాను. మిర్యాలగూడ ఆయన్ని రావద్దని చెప్పడానికి బావ గబగబా ఫోన్ అందుకున్నాడు.

"రానియ్యి సారూ," అన్నాడు తాత, డప్పు సంచిలో పెట్టుకుంటూ. "నేను నేర్పిన పోరడే. వచ్చినంక వానికి గూడ సెప్పుండ్రి, నాకు వయసైపోయిందని."