బొంబాయి చంద్రుడు

సంకష్టి నాడు, అంటే నెలనెలా వచ్చే సంకటహర చవితి ఉపవాసం నాడు, మా అత్తమ్మ చంద్రుణ్ణి చూడనిదే ముద్ద ముట్టదు. చూసేది చంద్రుణ్ణే కానీ, నమ్మేది మాత్రం వంటింటి గోడ మీది మరాఠీ క్యాలెండర్‌ను. అందులో చంద్రోదయానికి ఏ సమయం వేస్తే ఆ సమయానికే అర్ఘ్యం చెంబుతో మేడెక్కుతుంది.

నాకేమో ఆకాశం పిచ్చి. మా నాందేడ్ ఇంటి మేడ మీద చిన్న టెలిస్కోపు పెట్టుకుని, కనిపించినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ నోటుబుక్కులోనే ఒక వింత దొరికింది. చంద్రుడు ప్రతిసారీ క్యాలెండర్ కన్నా ముందే వచ్చేస్తున్నాడు!

మొదట నా గడియారాన్ని అనుమానించాను, తర్వాత నా కళ్లను. వరసగా మూడు నెలలు చూశాక గానీ క్యాలెండర్‌ను అనుమానించే ధైర్యం రాలేదు. గోడ మీంచి తీసి వెతికితే, ఒక మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఆ సమయాలు ముంబయివని. ముంబయి మాకు బాగా పడమర. తూర్పున లేచే చంద్రుడు ముందు మాకు కనిపించి, పావుగంట పైన గడిచాక వాళ్లకు కనిపిస్తాడు. అంటే మా అత్తమ్మ ఇన్నేళ్లూ నాందేడ్‌లో కూర్చుని బొంబాయి చంద్రుడి కోసం ఆకలితో ఎదురుచూసిందన్నమాట.

నాకు నవ్వు రాలేదు. ఆమెకు షుగర్. ఉపవాసాలు వద్దని డాక్టర్ చెప్పినా వినదు. పోయిన సంకష్టికి మెట్లెక్కుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. అప్పటి నుంచీ నాకు ఆ రోజంటేనే భయం. పావుగంట ఎంతసేపని మీరనుకోవచ్చు. ఆమె చేతులు వణకడం మొదలయ్యేది ఆ చివరి పావుగంటలోనే.

ఆమె పుట్టిల్లు మాకు తూర్పున, భోకర్ దగ్గర పల్లె. అందుకని ఆమెకు తెలిసిన రైలుతోనే చెప్పి చూశాను.

"అత్తమ్మా, భోకర్ దిక్కుకెళ్లి అచ్చే రైలు ముందు ముద్ఖేడ్‌కు అచ్చి, తర్వాత మన నాందేడ్‌కు అస్తది గద. చంద్రుడు గూడ గంతే. ముందు మనకు, ఎనుక బొంబాయికి."

"రైలు లేటయితది. చంద్రుడెందుకు లేటయితడు? గంత సదివినోళ్లు అచ్చు ఏసిండ్రు, తప్పు ఏస్తరా పిల్లా?" అంది.

ఈసారి సంకష్టికి వాదన కట్టిపెట్టి, చెయ్యి పట్టుకుని ముందే మేడ మీదికి తీసుకెళ్లాను. పళ్లెంలో చెంబు, పువ్వులు, మోదకాలు పెట్టుకున్నాను. ఎదురింటి నీళ్ల ట్యాంకు పక్కన చంద్రుడు అప్పటికే ఎర్రగా లేచి ఉన్నాడు.

"అది ఫంక్షన్ హాల్ లైటు. ఇంక టైం కాలే," అంది.

ఒళ్లు మండింది. "లైటుకు గుంతలుంటయా? సూడుండ్రి మరి!" అంటూ స్టూలు మీద కూర్చోబెట్టి టెలిస్కోపు తిప్పాను. పున్నమి వెళ్లిన నాలుగోనాడు చంద్రుడికి ఒక అంచు అరిగి ఉంటుంది. గుంతలు బాగా తేలేది ఆ అంచులోనే.

కన్ను పెట్టింది.

"ఇగో... గీ గుంతలేంది? ఎవరు తవ్విండ్రు?"

"రాళ్లు అచ్చి పడ్డయి అత్తమ్మా."

"గిన్ని రాళ్లా? మన మీద పడయా?" గబగబా లేచి అర్ఘ్యం విడిచి, దండం పెట్టి, మళ్లీ స్టూలెక్కింది. "అయ్యో, జరిగిపోతుండు! తిప్పు, తిప్పు!"

"జరిగేది మనం," అంటూ తిప్పాను. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. కింద వంటింట్లో క్యాలెండర్ ప్రకారం చంద్రుడింకా లేవనే లేదు. అది ఆమె గుర్తుచేసుకునేలోపే మోదకం తుంచి పెదాల దగ్గర పెట్టాను.

కన్ను తీయకుండానే నోరు తెరిచింది.