పిన్ని ఎంచుకున్న స్పీకర్లు

పోయిన నెలలో ఒక ఉదయం చోడవరం నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోనాది బాబూ. కాఫీ ఇద్దారని లేపితే లేవనేదు," అన్నాడు. అంతే, పెట్టేశాడు. నేను విశాఖలో బస్సెక్కి వెళ్ళేసరికి ఆవిడను వీధి వరండాలో పడుకోబెట్టి ఉంచారు. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆవిడ ఆఖరి సంవత్సరాలు దగ్గరగా చూసిన నాకు ఆ మాట అనబుద్ధి కాలేదు.

మా అమ్మకి చెల్లెలు ఆవిడ. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసింది. అప్పట్లో రోలుగుంట వాళ్ళూ దేవరాపల్లి వాళ్ళూ ట్రంకాలు బుక్ చేసుకుని ఆఫీసు బల్ల మీద పడిగాపులు పడేవారు. మొదటి మాటకి ముందు అవతలి మనిషి తీసుకునే ఊపిరిని బట్టే చావుకబురో కాదో పిన్నికి తెలిసిపోయేదట. ఇంటికొచ్చాక మాత్రం ఎవరి మాటలూ ఇంట్లో చెప్పేది కాదు. "అవి మనవి కావు," అనేది. ఆవిడకున్న ఒకే ఒక సరదా వయొలిన్ కచేరీలు. వంటింట్లో చిన్న రేడియో పెట్టుకుని, కుక్కరు కూసినప్పుడల్లా విసుక్కుంటూ వినేది.

రిటైరయ్యాక, పొలం పనులన్నీ ఒక దారిన పడ్డాక, బాబాయిని ఒక్కటే అడిగింది. గోనెసంచులూ పనిముట్లూ పడేసే వెనక గది తనకు కావాలంది. రెండు మంచాలు వేస్తే మనిషి తిరగడానికి చోటుండని గది అది. అక్కడ మంచి స్పీకర్లు పెట్టుకుని, జీవితంలో ఒక్కసారైనా వయొలిన్‌ని వయొలిన్‌లా వినాలని ఆవిడ కోరిక. పేరున్న కంపెనీల కొత్తవి మా తాహతుకి మించినవి. అందుకని ఎవరైనా వాడి అమ్మేసేవి వెతకమని నాకు పురమాయించింది.

విశాఖలో ఆవిడతో తిరిగిన ఆ ఆదివారాలు నా జీవితంలో మంచి రోజులు. మొదటి ఇంట్లో నా భుజం దాకా వచ్చే నిలువు స్పీకర్లు చూపించారు. ఆ హాలంతా సముద్రం పొంగినట్టుంది. నేను మురిసిపోతుంటే పిన్ని నా చెయ్యి తట్టి, మన గదికి ఇంత గొంతు అక్కర్లేదని లేచింది. ఇంకోచోట ఎడమది విడిగా, కుడిది విడిగా అదే పాట పెట్టించుకుని దగ్గరకెళ్ళి వింది. ఒకదాంట్లో లోపలి స్పీకరు యూనిట్ మార్చారని అమ్మేవాళ్ళే ఒప్పుకున్నారు. "ఇవి అక్కసెల్లెళ్ళు కావురా," అంది బయటికొచ్చాక. ఎక్కడికెళ్ళినా సెల్‌ఫోన్ లైటు వేసి, లోపలి కాగితం గిన్నె చుట్టూ ఉండే మెత్తటి అంచుని వేలితో తడిమేది. మన సముద్రపు గాలికి ముందు చెడేది అదేనట. ఇంకో అలవాటు, సౌండు బాగా తగ్గించమనడం. అమ్మేవాళ్ళు వింతగా చూసేవారు. "గట్టిగా పెడితే ఏదైనా బాగానే ఉంటాది బాబూ. నెమ్మదిగా పెట్టి సూడాలి," అనేది. మనుషుల విషయంలో కూడా ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

చివరికి ఊరు విడిచి వెళ్తున్న ఒక ఇంజినీరు దగ్గర, బల్ల మీద పట్టేంత చిన్న జత, పాటలు పెట్టే ఆంప్లిఫయరుతో సహా దొరికింది. టేకు రంగు చెక్క. సోఫాలో ఒక మూలకి కూర్చుని కళ్ళు మూసుకుని పాట మొత్తం వింది. కళ్ళు తెరిచి ఇవే అంది.

గదిలో పెట్టడానికి రెండు రోజులు పట్టింది. మూలకి పెడితే మృదంగం మరీ గుమ్ముమంటోందని గోడకి దూరంగా జరిపించింది. మోత తిరిగి రాకుండా వెనక గోడకి పాత బొంత వేలాడదీయించింది. బాబాయి గుమ్మంలో నిలబడి, రేడియోకి ఇంత తంతేటని గొణిగి, ఆ బొంతకి మేకులు మాత్రం తనే కొట్టాడు. రెండు స్పీకర్లకీ సరిగ్గా నడుమ కుర్చీ వేసుకుని పిన్ని కూర్చుంది.

కొంతసేపు విన్నాక ఎడమ పక్క తగ్గిందంది. వైర్లు అటూ ఇటూ మార్చాను. ఎడమ పక్కే తగ్గిందంది. స్పీకర్ల చోట్లు మార్చాను. అప్పుడూ అంతే. ఇంజినీరు మోసం చేశాడేమోనని నేను సణుగుతుంటే ఆవిడ లేచి, కుర్చీ తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి, బొంత వేలాడే గోడకేసి కూర్చుంది. అలాగే చాలాసేపు ఉంది.

"ఆపేయిరా," అంది. "తేడా పెట్టెల్లో లేదు. ఇటు తిరిగినా నా ఎడం పక్కే తక్కువగా ఉంది. నా సెవే."

ఎక్స్ఛేంజ్‌లో ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్ తగిలించుకున్న చెవి అది. ఇన్నాళ్ళూ కుడి చెవి ఆ లోటు కప్పుకుంటూ వచ్చిందన్నమాట. విశాఖలో డాక్టరు పరీక్షలు చేసి నరం చచ్చిపోయిందన్నాడు. ఉద్యోగం వల్లనా అని పిన్ని అడిగితే, కావచ్చు, వయసు వల్ల కూడా కావచ్చన్నాడు. రెండోది కూడా అదే దారిలో ఉందని చెప్పి, చేసేదేమీ లేదన్నాడు.

ఆ తర్వాత, తగ్గిన చెవికి సరిపెట్టడానికి, కుర్చీ ఎడమ స్పీకరు వైపు జరుగుతూ పోయింది. నేను వెళ్ళినప్పుడల్లా మరికొంచెం జరిగి కనిపించేది. చెవి మిషను కొనిచ్చాం. అందులో వయొలిన్ రేకు మీద గీసినట్టుందని తీసి పెట్టేసింది. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడేం వస్తోందో చెప్పమంది. పెదాలు కనిపించేలా తిరిగి, తీగ సాగుతోంది పిన్నీ, పైకి వెళ్తోంది అన్నాను. తలూపింది. ఇంకెప్పుడూ అడగలేదు.

చివరికి అమ్మేయమంది. చెవులున్న ఇంటికి పోనీ అంది. వడ్డాది నుంచి ఫంక్షన్లకి పాటలు పెట్టే కుర్రాళ్ళు వచ్చి, బేసు లేదని వెళ్ళిపోయారు. తర్వాత ఎవరూ రాలేదు. ఆ వానాకాలం గదిలో చెమ్మ చేరి, ఒక స్పీకరు అంచు పొడిపొడిగా రాలడం మొదలెట్టింది. బాగుచేయిస్తానంటే, ఎవరికోసంరా అని తలుపు గడియ పెట్టేసింది. ఆఖరికి మేం రాసి చూపించే మాటలు కూడా చదవకుండా పక్కన పెట్టేది.

కర్మ అయిన మర్నాడు బాబాయి ఆ గడియ తీశాడు. "ఓసారి పెట్టు బాబూ. అదేటో ఇందాం," అన్నాడు. పెట్టాను. ఒక వైపు నుంచి వయొలిన్ చక్కగా వస్తోంది, రెండో వైపు చిరిగిన అంచు జరజరలాడుతోంది. ఆయన కుర్చీలో కూర్చోలేదు. భుజం మీద తువ్వాలుతో గోడకి ఆనుకుని, పాట అయిపోయేదాకా నిలబడ్డాడు.

"ఇదేనా?" అన్నాడు.

ఇదేనన్నాను.

నేను ఆపబోతే వద్దని తనే ముందుకెళ్ళాడు. ఏది తిప్పితే ఆగుతుందో ఆయనకి తెలియదు. ఇంకో పాట మొదలైంది. ఆంప్లిఫయరు మీద వెలుగుతున్న ఎర్ర దీపం వైపు చెయ్యి చాపుకుని, దేన్నీ ముట్టుకోకుండా, ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.