గాలికి పక్కగా నిలబడటం దుమ్ముగూడెంలో నేర్చుకున్నాను

ఇండస్ట్రియల్ హైజీన్ సర్టిఫికేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాను. పనిచేసే చోట దుమ్ము, పొగ మనిషి ఒంట్లోకి చేరకుండా చూసే చదువు అది. ఖమ్మం దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. రెండుసార్లూ నన్ను ముంచింది వెంటిలేషన్ పాఠమే. మార్కుల సంగతి అలా ఉంచండి, మా దగ్గర రాళ్ల అంచులు నున్నగా చేసే ఏసయ్య నెల రోజులుగా దగ్గుతున్నాడు. దుమ్ము ముందుకు కొట్టుకుపోతుందని అతని వెనక పెద్ద ఫ్యాన్ పెట్టించింది నేనే. తీరా దుమ్ము కొలిచే పంపు గొట్టం అతని కాలర్‌కి తగిలించి చూస్తే దుమ్ము తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. ఎందుకో అంతుపట్టలేదు. ఇంట్లో టీవీ గోల మధ్య అంతుపట్టేలా కూడా లేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, పుస్తకాలు సర్దుకుని భద్రాచలం బయలుదేరాను.

ఖమ్మంలో ఉదయం ఆరింటి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే కొత్తగూడెం మీదుగా తొమ్మిదిన్నరకి దిగవచ్చు. టికెట్ రెండు వందలకు అటూ ఇటూ. పాల్వంచ దాటాక ఒళ్లో పుస్తకం తెరిచాను గానీ కళ్లన్నీ అడవి మీదే. గోదావరి వంతెన మీదికి రాగానే పుస్తకం మూసేశాను. ఫిబ్రవరిలో ఇసుక మేటలు తేలి ఉన్నా, ఆ వెడల్పు ఒక్క చూపుకి అందలేదు. నేనేదో పెద్ద పనిమీద వచ్చానన్న బింకం అక్కడే సగం తగ్గింది.

లాడ్జిలో పక్కగదుల నిండా పెళ్లివారు. ఇక చదివినట్టే అనుకుని, మర్నాడు ఏడింటికి దుమ్ముగూడెం వెళ్లే షేర్ ఆటో ఎక్కాను, యాభై రూపాయలు. డ్రైవర్ రమేష్ నా పుస్తకం లావు చూసి, ఇంత చదివాక ఇంకా పరీక్ష దేనికని ఆటపట్టించాడు. సంగతి చెబితే, తన అత్తగారి గూడెంలో కావలసినంత నిశ్శబ్దం ఉందని నేరుగా అక్కడే దింపాడు.

అక్కడ అతని అత్త ముత్తమ్మ కళ్లంలో కందులు తూర్పారబడుతోంది. అరవై దాటి ఉంటాయి. చాట ఎత్తి వంచుతుంటే గింజలు కాళ్ల దగ్గర కుప్పపడుతున్నాయి, పొట్టు ఎటో ఎగిరిపోతోంది. ఆమె ముఖం మీద నలకైనా లేదు. నేనూ పడతానని చాట అడిగి తీసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, గాలి వీపుకు తగిలేలా నిలబడ్డాను. చాట వంచానో లేదో పొట్టంతా నా కళ్లలో, ముక్కులో. దగ్గి దగ్గి కూర్చుండిపోయాను.

ఆమె నవ్వలేదు. నా భుజం పట్టి పక్కకు తిప్పింది.

"గాలి ఈపున బడితే పొట్టు మొకానికే తిరుగుతది బిడ్డా. గోదార్ల బండరాయి ఎనక నీళ్లు సుడి తిరుగుతయి సూడు, గాలి గుడ గట్లనే."

మళ్లీ వంచాను. పొట్టు నన్ను ముట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. వేపచెట్టు కింద పుస్తకం తెరిస్తే, మనిషి ఒంటికి అవతల గాలి వెనక్కి తిరుగుతుందని బొమ్మతో సహా ఉంది. ఆ బొమ్మను ఏడాదిగా బట్టీపడుతున్నాను. ఆమెకు అది ఎవరు చెప్పారని అడిగితే, కళ్లంలో పడే పొట్టే చెప్పిందన్నట్టు చాట చూపించింది.

అక్కడినుంచే ఏసయ్యకు ఫోన్ చేసి, ఫ్యాన్ వెనకనుంచి తీసి పక్కకు పెట్టించమన్నాను.

"ఫ్యాన్ ఎనక పెట్టిన కాన్నుంచి దుమ్ము మొకానికే కొడ్తాంది మేడం."

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు సదువుకున్నోళ్లు గద."

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుంది. ఈసారి వెంటిలేషన్ అంటే భయం లేదు. కానీ గోదావరిని, ముత్తమ్మ చేతులను చూసి అబ్బురపడిన దాన్ని, రోజూ కళ్లెదుట దుమ్ములో నిలబడే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను, అది తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇదే పరీక్షకు చదివేవాళ్లకు ఒకటే సలహా: కొలిచే పంపు తగిలించే ముందు, దుమ్ము ఎటు కొడుతోందని ఆ మనిషిని అడగండి. అతను చెప్పేదాకా అక్కడే నిలబడండి.